కోర్టు మూలన నాలుగడుగుల చోటు

రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా క్రీడాధికారులకు, ఇండోర్ స్టేడియంల నిర్వాహకులకు, జిల్లా క్రీడా సంఘాల పెద్దలకు



మా అమ్మాయి పదకొండేళ్లప్పుడు మొదటిసారి జిల్లా అండర్-13 షటిల్ పోటీల్లో సెమీఫైనల్ దాకా వచ్చింది. ఆ రోజు నేను 340 ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టి చూస్తే ఒక్కదాంట్లోనూ దాని మొహం తేటగా లేదు. చెయ్యి ఉండాల్సిన చోట పొగలాంటి చార. రాకెట్టు ఆనవాలు లేదు. కాక్ అసలే లేదు. నెట్టు మాత్రం ప్రతి ఫొటోలోనూ దారం దారం లెక్కపెట్టుకునేంత స్పష్టంగా పడింది. అమ్మాయి నా భుజం మీదుగా తొంగిచూసి, "ఇందులో నేనెక్కడున్నాను నాన్నా?" అంది. ఆరేళ్లయింది ఆ మాట అడిగి. ఈ ఉత్తరం నాచేత రాయిస్తున్నది ఆ మాటే.

ఆ రాత్రి లోపమంతా కెమెరాదే అనుకున్నాను. మంచిది కొందామంటే స్తోమత లేదు. లేకపోవడమే మేలైంది. అదే కెమెరాతో కూర్చుని, ఎందుకిలా అయిందో ఒక్కొక్కటే తెలుసుకున్నాను. ఇప్పుడు మా ఊళ్లో ఆదివారాలు నలుగురు కుర్రాళ్లు, ఇద్దరు ఆడపిల్లలు నా దగ్గరకొచ్చి ఇండోర్ ఆటల ఫొటోలు తీయడం నేర్చుకుంటున్నారు. పాత కెమెరాలు, అడిగి తెచ్చుకున్న లెన్సులు. వాళ్ల అవస్థలో సగం నేర్చుకుంటే తీరేది. మిగతా సగం మీ చేతుల్లో ఉంది. మా సగం ముందు చెప్తాను. మా పని మేం చెయ్యకుండా మిమ్మల్ని అడగడం న్యాయం కాదు.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు అది. సెకనుకి దాదాపు 157 మీటర్లన్నమాట. కెమెరా తెర (షటర్) సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరుచుకుని మూసుకున్నా ఆ కాస్తలో కాక్ పదిహేను సెంటీమీటర్లు దాటిపోతుంది. అది కాక్ పొడవుకి ఇంచుమించు రెట్టింపు. రాకెట్టు తాకిన క్షణపు వేగమది. ఈకల వల్ల కాక్ వెంటనే నెమ్మదిస్తుంది. జిల్లా పోటీల్లో ఆడే పిల్లల స్మాష్ ఇందులో చిన్న భాగమే. అయినా సంగతి అర్థమవుతుంది. కాక్‌ని గడ్డకట్టించాలని మొదట్లోనే పంతం పట్టకూడదు. మొహం తేటగా రావాలి, కళ్లు కనపడాలి, రాకెట్టు పట్టిన వేళ్లు తెలియాలి. కాక్ వెనక కొంచెం చార పడితే పడనివ్వండి, అందమే.

మొహం లెక్క వేరు. కోర్టులో పరిగెత్తే పిల్ల సెకనుకి నాలుగు మీటర్లు కదులుతుందనుకుందాం. కెమెరాని ఆటోలో వదిలేస్తే, మసక వెలుతురున్న ఇండోర్ హాల్లో అది తనంతట తను సెకనులో అరవయ్యో వంతు షటర్ స్పీడ్ ఎంచుకుంటుంది. ఆ వ్యవధిలో మొహం ఏడు సెంటీమీటర్లకి దగ్గరగా జరుగుతుంది. కన్ను, ముక్కు, నోరు అన్నీ కలిసి అలికినట్టవుతాయి. నా 340 ఫొటోలకీ జరిగింది ఇదే. అదే 1/1000 పెడితే జరిగేది నాలుగు మిల్లీమీటర్లు. అందుకే నా దగ్గరకొచ్చే పిల్లలకి మొదటి పాఠం షటర్ స్పీడ్: షటిల్‌కి 1/1000, కబడ్డీకి 1/800, టేబుల్ టెన్నిస్‌లో చేతి విసురు పట్టాలంటే ఇంకా ఎక్కువ. లెన్సులో ఉండే వణుకు తగ్గించే సదుపాయాన్ని నమ్ముకోవద్దని కూడా చెప్తాను. అది మన చేతి వణుకుని ఆపుతుంది, ఆడేవాళ్ల పరుగుని ఆపలేదు.

షటర్ అంత వేగంగా మూసుకుంటే వెలుతురు చాలదు. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. ఫోన్లో ఉచితంగా దొరికే లక్స్ మీటరు యాప్‌తో సుమారుగా కొలిచి, 300 లక్స్ చూపించిన హాలుని తీసుకోండి. ఎఫ్/2.8 లెన్సు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ వస్తుంది), ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 6400 పెడితే సరిగ్గా 1/1000 దగ్గరకి వస్తాం. కెమెరాతో పాటు ఇచ్చే కిట్ లెన్సుని జూమ్ చేస్తే ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. దానితో అదే హాల్లో అదే ఐఎస్ఓకి వచ్చేది 1/250 మాత్రమే. అందుకే పిల్లలకి చెప్తాను, కెమెరా మార్చకండి, లెన్సు మార్చండి అని. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు దాదాపు ప్రతి కంపెనీ అమ్మేవాటిలో చవకైన రకం. కిట్ లెన్సు జూమ్ కొసన ఇచ్చే వెలుతురుకి అది పది రెట్లకి దగ్గరగా లోపలికి రానిస్తుంది. చిన్న సెన్సరున్న మామూలు కెమెరాకి తగిలిస్తే 75 మి.మీ. లెన్సులా దగ్గరగా చూపిస్తుంది. కోర్టు మూలన కూర్చున్నవాళ్లకి ఇవతలి సగంలో ఆడే మనిషి నిండుగా పడటానికి అది చాలు.

ఐఎస్ఓ పెంచితే ఫొటోలో రవ్వ రవ్వగా చుక్కలొస్తాయని కొత్తవాళ్లు హడలిపోతారు. నా తీర్పు ఇది: చుక్కలున్న తేట ఫొటో ఫొటోనే, చుక్కల్లేని అలికిన ఫొటో పనికిరాదు. చుక్కల్ని తర్వాత కంప్యూటర్లో చాలావరకు తగ్గించవచ్చు, అలుకుని తియ్యడం ఎవరి వల్లా కాదు. ఐఎస్ఓ తక్కువ పెట్టి చీకటిగా తీసి ఇంటికెళ్లి వెలుగు పెంచుకుందామనుకునేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే చుక్కలు అంతకన్నా ఎక్కువగా పైకి తేలతాయి. షటరు, లెన్సు తెరుచుకునే రంధ్రం (ఎపర్చరు) మనమే పెట్టుకుని, ఐఎస్ఓని ఆటోకి వదిలెయ్యడం నేర్చుకునేవాళ్లకి తేలిక దారి.

ఇంకో మాట. ఫొటో అలికినట్టుంటే ఎందుకో ఫొటోనే చెప్తుంది. నేల గీతలు, నెట్టు తేటగా ఉండి మనిషి ఒక్కడే పొగలా ఉంటే షటర్ చాలలేదని. మనిషి మెత్తగా ఉండి వెనక గ్యాలరీలో కూర్చున్నవాళ్ల చొక్కా గుండీలు కనపడుతుంటే ఫోకస్ తప్పిందని. మొత్తం ఫొటో ఒకే వైపుకి ఈడ్చినట్టుంటే చెయ్యి కదిలిందని. ఈ మూడింటికీ మందులు వేరు. నా మొదటి ఫొటోలకి వీటిలో రెండు జబ్బులున్నాయి. షటరు చాలలేదు. పైగా నేను అవతలి వైపు నుంచి నెట్టులోంచి తీశాను, కెమెరా నెట్టునే ఆటగత్తె అనుకుని పట్టుకుంది. అందుకే ఎప్పుడూ నెట్టుకి ఇవతలున్న మనిషినే తీయాలి. కదిలే మనిషిని వదలకుండా వెంబడించే ఫోకస్ పెట్టుకోవాలి. కొన్ని కెమెరాల్లో దాన్ని ఏఐ సెర్వో అంటారు, కొన్నింటిలో ఏఎఫ్-సీ. ఫోకస్ గడిని మొహం మీదో ఛాతీ మీదో నిలపాలి.

క్షణాన్ని పట్టడం మాత్రం కెమెరా నేర్పదు, ఆట నేర్పుతుంది. ఎగిరి స్మాష్ కొట్టే మనిషి పైకెళ్లి కిందికి దిగబోయే ముందు ఒక్క లిప్తపాటు గాలిలో నిలబడిపోతుంది. రాకెట్టు ఇంకా వెనకే ఉంటుంది, కళ్లు కాక్ మీద ఉంటాయి. అప్పుడు నొక్కితే తక్కువ షటర్‌కి కూడా మొహం తేటగా వస్తుంది. కబడ్డీలో కూతకెళ్లినవాడు గీతవైపు తిరిగే ముందు కాలు బిగబట్టి ఆగే క్షణం ఒకటుంటుంది, అదీ అంతే. వరసపెట్టి పదేసి ఫొటోలు లాగేసే పిల్లల్ని నేను ఆపి, ఒక గేమంతా కెమెరా ముట్టకుండా చూడమంటాను. ఎవరు ఎడమచేతి వాటం, ఎవరు నెట్టు దగ్గరకి దూకుతారు, పాయింటు గెలిస్తే ఎవరు కోచ్‌వైపు తిరిగి అరుస్తారు. ఇవి తెలిశాక తీసిన ముప్పై ఫొటోలు తెలియకుండా తీసిన మూడొందల కన్నా మిన్న.

ఇదీ మేం చెయ్యాల్సిన సగం. ఇక మీ సగం.

మొదటిది దీపాలు. మన కరెంటు సెకనుకి యాభై ఆవృత్తులు తిరుగుతుంది, ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు దిశ మార్చుకుంటుంది, దానివల్ల పాత హాలైడ్ దీపాలు, ట్యూబులు, నాసిరకం ఎల్ఈడీలు సెకనుకి నూరుసార్లు వెలిగి మసకబారుతుంటాయి. కంటికి తెలియదు. వెయ్యో వంతులో తీసే కెమెరాకి తెలుస్తుంది. ఒక ఫొటో తెల్లగా, పక్కది పచ్చగా, ఆ పక్కది సగం చీకటిగా వస్తుంది. మా కుర్రాడొకడు ఇలాంటి హాల్లో రెండు రోజులు తీసి, తన కెమెరా పాడైందని ఏడుపుమొహంతో నా దగ్గరకొచ్చాడు. పాడైంది కెమెరా కాదు. 2014లో కెనాన్ 7డీ మార్క్ 2 వచ్చినప్పట్నుంచీ కొన్ని కెమెరాలు దీపం వెలుగు పతాకస్థాయిలో ఉన్నప్పుడే షటర్ కొట్టే ఏర్పాటుతో వస్తున్నాయి. కాని మా పిల్లల చేతిలో ఉన్నవి అంతకన్నా పాతవి.

దీనికి మీరు చెయ్యగలిగింది ఉంది. దీపాలన్నీ ఒకే ఫేజు మీద కాకుండా మూడు ఫేజులకీ పంచి కలిపిస్తే, ఒక వరస మసకబారినప్పుడు ఇంకో వరస వెలుగుతూ ఉంటుంది, మినుకు చాలా తగ్గుతుంది. ఎలక్ట్రీషియన్‌కి ఇది తెలిసిన పనే. కొత్త ఎల్ఈడీలు వేయించేటప్పుడు టెండర్లో వాట్లు, ధర మాత్రమే కాక మినుకు లేని డ్రైవర్లుండాలని ఒక్క వాక్యం రాయించండి. కాలిపోయిన పాత దీపం స్థానంలో చేతికి దొరికింది బిగించకుండా అదే రంగు వెలుగు వేయించండి. ఒకే కోర్టులో ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం ఉంటే పిల్ల మొహం రెండు రంగులుగా పడుతుంది, ఎంత దిద్దినా సరికాదు. దీపాలు కోర్టు నడినెత్తిన కాక పక్క గీతల వెంబడి రెండు వైపులా ఉండాలన్నది షటిల్ ఆడేవాళ్లందరికీ తెలుసు, తలెత్తితే కళ్లు చెదురుతాయి కాబట్టి. ఆటకి మేలు చేసే ఆ ఏర్పాటే ఫొటోకీ మేలు. నెత్తిమీది వెలుగులో కళ్లకింద గుంటలు నల్లబడతాయి, పక్క వెలుగులో మొహం విచ్చుకుంటుంది. అంటే మేమడిగే వెలుతురు మా కోసం మాత్రమే కాదు. మసక హాల్లో కాక్‌ని ఆలస్యంగా చూసి ఓడిపోయిన పిల్లలు ఎందరో మీకే తెలుసు.

ఫ్లాష్ వాడనివ్వమని మాత్రం అడగను. మీరు నిషేధించడం నూటికి నూరుపాళ్లు సబబు. ఎదురుగా వచ్చే స్మాష్‌ని చూస్తున్న పిల్ల కళ్లలో ఫ్లాష్ కొట్టడం ప్రమాదం. నా దగ్గరకొచ్చేవాళ్లచేత మొదటి రోజే ఫ్లాష్‌తో పాటు ఫోకస్ కోసం వెలిగే చిన్న ఎర్రదీపాన్నీ, కీచుమనే శబ్దాన్నీ ఆపించేస్తాను. సర్వీసు వేసేటప్పుడు షటర్ నొక్కకూడదన్నది మా నియమం.

రెండోది చోటు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1965 మే 25న అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ అనే చిన్న ఊళ్లో బాక్సర్లు మహమ్మద్ అలీ, సన్నీ లిస్టన్ తలపడ్డారు. అది కుర్రాళ్లు ఐస్ హాకీ ఆడుకునే చిన్న హాలు, వచ్చిన ప్రేక్షకులు రెండున్నర వేలకి లోపే. మొదటి రౌండులోనే లిస్టన్ పడిపోయాడు. పడినవాడి మీద చెయ్యి మడిచి అరుస్తున్న అలీని రంగుల్లో పట్టిన నీల్ లైఫర్‌కి అప్పుడు 22 ఏళ్లు. క్రీడా ఫొటోల చరిత్రలో అంతగా తెలిసిన ఫొటో అరుదు. దాన్ని జాగ్రత్తగా చూస్తే అలీ కాళ్ల మధ్యనుంచి అవతలి వైపు ఇంకో ఫొటోగ్రాఫర్ కనిపిస్తాడు. ఆయన హెర్బ్ షార్ఫ్‌మన్, లైఫర్ కన్నా ఎంతో అనుభవజ్ఞుడు, లైఫర్ ఫొటోలు తీసే పత్రికకే పనిచేస్తున్నవాడు. ఆ క్షణంలో ఆయనకి కనిపించింది అలీ వీపు. పైన రింగుకి కట్టిన ఫ్లాష్ దీపాలు ముందే సిద్ధంగా ఉన్నాయి, కుర్రాడు కూర్చున్న పక్కకి అలీ మొహం తిరిగింది. ముందే అమర్చిన వెలుగు, నేల దగ్గర కూర్చునే చోటు, రెండూ ఉండబట్టే ఆ కుర్రాడి నేర్పుకి విలువ వచ్చింది.

మన హాళ్లలో నేర్చుకునే పిల్లల్ని పంపేది పై గ్యాలరీకి. అక్కణ్నుంచి కనిపించేవి నడినెత్తులు, నేల గీతలు, వెనక నడిచే జనం కాళ్లు. పెద్ద లెన్సున్న పత్రికల వాళ్లకి కింద చోటిస్తారు, వాళ్లు ప్రారంభోత్సవం, ఫైనల్ తీసుకుని వెళ్లిపోతారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల పని అది. అయితే పొద్దున్న ఎనిమిదింటికి మూడో కోర్టులో మొదటి రౌండు ఆడి ఓడిపోయే పిల్లని తీసేవాళ్లెవరు? ఊళ్లో నేర్చుకుంటున్న కుర్రాళ్లే తీయాలి. వాళ్లకి కావలసింది చాలా కొంచెం. కోర్టు వెనక గీతకి రెండు మీటర్లు అవతల, లైన్ జడ్జి కుర్చీకి అడ్డం రాకుండా, మూలన నాలుగడుగుల చోటు. కుర్చీ కూడా వద్దు, చాప చాలు. నేల మీద కూర్చుని తీస్తే ఎగిరిన పిల్ల నిజంగా ఎగిరినట్టు పడుతుంది, వెనక గోడ తప్ప ఇంకేం ఉండదు. ఆట మొదలయ్యే ముందు పిల్లలు ఒళ్లు వేడెక్కించుకునే పది నిమిషాలు లోపలికి రానిస్తే ఒక తెల్లకాగితం చూపించి రంగు సరిచూసుకుని, రెండు ఫొటోలు తీసి షటర్ సరిపెట్టుకుంటారు.

మీకు ఒక సందేహం ఉంటుంది, అది న్యాయమైనది. పోటీల్లో ఆడపిల్లలుంటారు, చిన్నపిల్లలుంటారు. ఎవరో తెలియని మనిషి కెమెరాతో కోర్టు పక్కన కూర్చుంటే ఏ తల్లికైనా గుబులే. నేనూ ఆడపిల్ల తండ్రినే. కాబట్టి చోటు అడగడంతో పాటు కట్టుబాటు కూడా మేమే అడుగుతున్నాం. పేరు, ఫోన్ నంబరు, ఊరు రాయించుకుని మెడలో వేసుకునే కార్డివ్వండి. రోజుకి కోర్టుకి ఇద్దరు మించకూడదనండి. ఎంట్రీ ఫారంలోనే ఫొటో తీయడానికి తల్లిదండ్రుల సమ్మతి అడిగే గడి ఒకటి పెట్టండి, వద్దన్నవాళ్ల పిల్లల్ని తీయం. తీసిన ఫొటోలు ముందు మీ కార్యాలయానికిచ్చాకే బయటికెళ్లాలని షరతు పెట్టండి. ఎవరైనా హద్దు మీరితే కార్డు లాక్కోండి.

ఇంత చేసి ఒరిగేదేమిటంటారేమో. పోయినేడు మా అమ్మాయి రాష్ట్ర పోటీల్లో క్వార్టర్‌ఫైనల్ ఓడిపోయింది. నా దగ్గర నేర్చుకున్న అమ్మాయే ఆ మ్యాచ్ తీసింది. ఇంటికొచ్చాక ఒక ఫొటో ముందేసుకుని కోచ్ గారు ఐదు నిమిషాలు మాట్లాడలేదు. మోచెయ్యి భుజం కన్నా కిందుంది, కాక్ అప్పటికే తలదాటి వెనక్కెళ్లిపోయింది. "రెండేళ్లుగా నోటితో చెప్తున్నాను, ఇప్పుడు తనే చూసుకుంది" అన్నారాయన. ఆ మోచెయ్యి సర్దుకోవడానికి రెండు నెలలు పట్టింది.

అమలాపురం నుంచి సాత్విక్ వచ్చాడు, గుంటూరు నుంచి షటిల్ ఆటగాడు శ్రీకాంత్ వచ్చాడు, నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ వచ్చి 2022లో ఒకసారి, 2023లో మరోసారి ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయింది. ఇప్పుడు మీ హాళ్లలో ఆడుతున్నవాళ్లలో ఎవరు ఆ దారిన పోతారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. పోనివాళ్లకి కూడా ఒక్క మంచి ఫొటో కావాలి. ముప్పై ఏళ్ల తర్వాత గోడ మీద చూపించి "ఇది నేను" అని చెప్పుకోవడానికి. నా దగ్గరున్న 340 ఫొటోలు అందుకు పనికిరావు. ఆ సెమీఫైనల్ మళ్లీ రాదు.

వచ్చే నెల మా జిల్లాలో అండర్-15 పోటీలున్నాయి. మీ మీ జిల్లాల్లోనూ ఉంటాయి. దీపాల సంగతికి నిధులు, అనుమతులు కావాలని నాకు తెలుసు, దానికి సమయం పడితే పట్టనివ్వండి. చోటుకి ఏ నిధులూ అక్కర్లేదు. మా పిల్లల్లో ఇద్దరికి మొదటి రౌండు నుంచి ఆ మూలన కూర్చోవడానికి అనుమతివ్వండి. పోటీలు ముగిసిన వారంలోగా, సమ్మతించిన ప్రతి ఇంటికీ ఆ బిడ్డ ఫొటో అచ్చువేయించి చేర్చే పూచీ నాది.

ఇట్లు,
ఒక షటిల్ క్రీడాకారిణి తండ్రి